కోచ్ మావాణ్ని డబుల్స్‌కి మార్చమంటున్నారు. డబుల్స్ ప్లేయర్ కెరీర్ అసలు ఎలా నడుస్తుంది?

గ్యాలరీలో అమ్మ:

అందరికీ నమస్కారం. మావాడికి పద్నాలుగేళ్ళు. ఏడో ఏట నుంచీ షటిల్ ఆడుతున్నాడు, ఇన్నాళ్ళూ సింగిల్సే. పోయిన వారం కోచ్ గారు పక్కకి పిలిచి, "వీడి చెయ్యి చాలా ఫాస్ట్ అమ్మా, నెట్ దగ్గర బుర్ర కూడా బాగా పనిచేస్తుంది, కానీ కోర్టంతా ఒక్కడే తిరిగే ఆట వీడిది కాదు, డబుల్స్‌లో పెడదాం" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు ఆ మాట అడిగిన గ్రూపులో సీటు లేదు, వేరే గ్రూపులో చేర్చుకోండి అన్నట్టు వినపడింది.

ఇంటికొచ్చి చెప్తే వాళ్ళ నాన్న ఇంకాస్త పెంచారు. సైనా, సింధు, శ్రీకాంత్ అంటూ వేళ్ళు లెక్కపెట్టి, "గుర్తుండేది ఒక్క పేరే, ఇద్దరి పేర్లు ఎవడు గుర్తుపెట్టుకుంటాడు" అన్నారు. మరి డబుల్స్ ఆడే సాత్విక్ అంటే? "వాడి సంగతి వేరు" అన్నారు. ఎందుకు వేరో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

అందుకే అడుగుతున్నా. పైస్థాయి దాకా వెళ్ళిన డబుల్స్ ప్లేయర్ జీవితం ఎలా ఉంటుంది? ర్యాంకు ఎవరిది? ప్రైజ్ మనీ ఎలా పంచుతారు? పార్ట్‌నర్ వదిలేసి వెళ్ళిపోతే ఏంటి పరిస్థితి? ఆడినవాళ్ళు, బాగా ఫాలో అయ్యేవాళ్ళు చెప్పండి. "పిల్లాడి ఇష్టం" అని మాత్రం చెప్పకండి, ఆ ముక్క నాకూ తెలుసు 🙂

నెట్ దగ్గర నిలబడ్డవాడు:

మేడమ్, నేను యూనివర్సిటీ స్థాయి వరకూ డబుల్సే ఆడాను, అంతకుమించి వెళ్ళలేదు, కాబట్టి నా మాటని ఆ మేరకే తీసుకోండి. డబుల్స్ అంటే సింగిల్స్‌లో సగం అనుకుంటారు చాలామంది, అది తప్పు, ఆటే వేరు. సింగిల్స్ కోర్టు వెడల్పు 5.18 మీటర్లు, డబుల్స్‌కి 6.1 మీటర్లు. కోర్టు మీటరు కూడా పెరగలేదు, మనిషి మాత్రం ఒకడు పెరిగాడు, ఇక ఖాళీ ఎక్కడుంటుంది? సింగిల్స్‌లో ఊపిరి తీసుకోవాలంటే షటిల్‌ని ఎత్తుగా వెనక్కి లేపొచ్చు. డబుల్స్‌లో లేపామా, స్మాష్ నెత్తిన పడుతుంది. అందుకే ర్యాలీలో సగం సర్వీసు, రిసీవు, మూడో షాట్ దగ్గరే తేలిపోతుంది. మీ కోచ్ గారు చెయ్యి ఫాస్ట్ అన్నారంటే అది మెచ్చుకోలేనండీ, మీరు తిట్టులా విన్నారు.

సాత్విక్ సంగతి ఎందుకు వేరో చెప్తా. అమలాపురం కుర్రాడు, నాన్నగారు పీఈటీ మాస్టారు, 2014లో గోపీచంద్ అకాడమీలో చేరాడు. 2016లో మలేషియా కోచ్ టాన్ కిమ్ హర్ ఇతన్ని ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో కలిపాడు. మామూలుగా జంట కట్టేటప్పుడు వెనక నుంచి కొట్టేవాడొకడు, ముందు నెట్ దగ్గర కోసేవాడొకడు అని చూస్తారు. వీళ్ళిద్దరూ పొడుగే, ఇద్దరూ వెనక నుంచి బాదేవాళ్ళే. ఇద్దరు బౌలర్లని ఓపెనింగ్‌కి పంపినట్టు అన్నమాట (మా ఫ్రెండు అప్పట్లో ఇదే అన్నాడు, ఇప్పుడు గుర్తుచేస్తే ఒప్పుకోడు). అప్పటికి సాత్విక్‌కి పదహారు, చిరాగ్ మూడేళ్ళు పెద్ద. ముందుకెళ్ళి ఆడటం, రొటేషన్ (ముందూ వెనకా చోట్లు మార్చుకోవడం), షార్ట్ సర్వీసు ఇవన్నీ ఇద్దరూ జంట అయ్యాకే పదును పెట్టుకున్నారు. సాత్విక్ పేరు చెప్తే అందరూ 565 కిలోమీటర్ల స్మాష్ అంటారు, గిన్నిస్ రికార్డు, కాదనను, కానీ అది 2023లో జపాన్‌లో కొలత కోసం ప్రత్యేకంగా కొట్టించింది, మ్యాచ్‌లోది కాదు. మ్యాచ్‌లు గెలిపించింది మాత్రం ఆ స్మాష్ తర్వాత వచ్చే రిటర్న్‌ని ముందున్నవాడు నెట్ మీదే చంపడం. ఆ ముందున్నవాడు కొన్నిసార్లు చిరాగ్, కొన్నిసార్లు సాత్వికే.

2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో రజతం, అదే ఏడాది హైదరాబాద్ ఓపెన్, 2019లో థాయ్‌లాండ్ ఓపెన్. ఆ థాయ్‌లాండ్ ఫైనల్లో ఓడించింది అప్పటి ప్రపంచ ఛాంపియన్లు, చైనా జంట లీ జున్‌హుయ్, లియు యూచెన్‌లని. అంతా ఊపు మీదున్నప్పుడు సాత్విక్ భుజం పట్టేసింది, ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోయింది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి మేడమ్. భుజం ఒకడిది, టోర్నీ పోయింది ఇద్దరికి. చిరాగ్ నిక్షేపంగా ఉన్నాడు, అయినా ఏం లాభం.

లెక్కలంటే ఇష్టం:

మీ ర్యాంకు ప్రశ్నకి నేను చెప్తా. ర్యాంకు మనిషిది కాదు, జంటది. గత 52 వారాల్లో బాగా ఆడిన పది టోర్నీల పాయింట్లు కలుపుతారు, అవి "సాత్విక్/చిరాగ్" అనే ఖాతాలో పడతాయి. రేపు సాత్విక్ ఇంకొకరితో ఆడితే అది వేరే ఖాతా, ర్యాంకు మళ్ళీ కట్టుకుంటూ రావాలి. 2023 అక్టోబరులో వీళ్ళు ప్రపంచ నంబర్ వన్ అయ్యారు, భారత డబుల్స్‌లో అదే మొదటిసారి. ఆ నంబర్ వన్ కూడా ఇద్దరికీ కలిపి ఒకటే.

డబ్బు సంగతి. 2023 ఇండోనేషియా ఓపెన్ తీసుకోండి, వీళ్ళు గెలిచిన సూపర్ 1000 (పై శ్రేణి) టోర్నీ. మొత్తం ప్రైజ్ మనీ 12,50,000 డాలర్లు. సింగిల్స్ గెలిచినవాళ్ళకి 87,500. డబుల్స్ గెలిచిన జంటకి 92,500. చూడ్డానికి ఎక్కువే, పంచుకుంటే తలా 46,250. అంటే టైటిల్ అదే, రౌండ్లు అవే, చేతికొచ్చేది సగం కంటే కాస్త ఎక్కువ. విమానం టికెట్టు, ఫిజియో, ట్రైనింగ్ ఏవీ సగానికి రావు కదా. ఆర్గనైజర్ల వైపు నుంచి చూస్తే జంటకి కొంచెం ఎక్కువే ఇచ్చాం అంటారు, ప్లేయర్ వైపు నుంచి చూస్తే ఇది అన్యాయంగానే ఉంటుంది. నా ఓటు ప్లేయర్‌కే.

ఒలింపిక్స్ గేటు కూడా ఇరుకు. సింగిల్స్‌లో దాదాపు నలభై మంది ఆడతారు, డబుల్స్‌లో పదహారు జంటలే లెక్క. ఒక దేశం నుంచి రెండో జంట వెళ్ళాలంటే రెండూ టాప్ ఎనిమిదిలో ఉండాలి. మన దగ్గర రెండో జంటకి దారి మూసినట్టే.

లెక్క ఎంత క్రూరంగా ఉంటుందో చూడాలంటే టోక్యో ఒలింపిక్స్. గ్రూపులో మొదటి మ్యాచ్‌లోనే తైవాన్ జంట లీ యాంగ్, వాంగ్ చి లిన్‌లని మూడు గేముల్లో ఓడించారు, చివరి గేమ్ 27-25. నేను ఆ రోజు ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపేసి చూశాను. తర్వాత ఇండోనేషియా జంట గిడియన్, సుకముల్జో చేతిలో ఓడారు, బ్రిటన్ జంటని గెలిచారు. మూడింట్లో రెండు గెలుపులు. కానీ గ్రూపులో మూడు జంటలకీ రెండేసి గెలుపులే వచ్చాయి, గేముల తేడా చూశారు. మనవాళ్ళవి గెలిచిన గేములు నాలుగు, ఓడినవి మూడు. మూడో స్థానం, ఇంటికి. వీళ్ళ చేతిలో ఓడిన లీ, వాంగ్ ముందుకెళ్ళి ఆ ఒలింపిక్స్ బంగారమే కొట్టారు, మళ్ళీ పారిస్‌లోనూ కొట్టారు.

పాత స్కోర్‌బోర్డు:

తమ్ముళ్ళూ, సాత్విక్ కాలం గురించి చెప్తున్నారు బానే ఉంది. దానికి ముందు మన దేశంలో డబుల్స్ అంటే ఏంటో ఆ అమ్మాయికి ఎవరైనా చెప్పాలి కదా. సింగిల్స్‌లో ఓడినవాళ్ళని డబుల్స్‌లో వేసేవాళ్ళు. సింగిల్స్ కోచే ఖాళీ దొరికితే సాయంత్రం డబుల్స్ చూసేవాడు. మా రోజుల్లో మేం ఆడిన చోట డబుల్స్ వాళ్ళకి సగం వాడేసిన షటిళ్ళు ఇచ్చేవాళ్ళు, ఈకలు ఊడిపోయినవి. అవి గాల్లో ఎటు పోతాయో కొట్టినవాడికీ తెలీదు.

అలాంటి రోజుల్లో హైదరాబాద్ నుంచి జ్వాలా గుత్తా వచ్చింది. సింగిల్స్ రాక డబుల్స్‌కి వచ్చిన మనిషి కాదు, నేను డబుల్స్ స్పెషలిస్టుని అని తలెత్తి చెప్పిన మనిషి. అశ్విని పొన్నప్పతో కలిసి 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో బంగారం, 2011లో లండన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం. 1983లో ప్రకాశ్ పదుకొణె తెచ్చాక మనకి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో వచ్చిన రెండో పతకం అది. అంటే సైనా, సింధుల కంటే ముందే. ఎంతమందికి గుర్తుంది? మీ ఆయన వేళ్ళ లెక్కలో ఆ పేరు లేదు చూశారా అమ్మా.

2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ జంటకీ టోక్యో కథే జరిగింది. మూడింట్లో రెండు గెలిచారు, మూడు జంటలు సమానం, చివరికి పాయింట్ల తేడాతో క్వార్టర్స్ పోయింది. అదే ఒలింపిక్స్‌లో సులువైన డ్రా కోసం కావాలని ఓడారని నాలుగు జంటల్ని బయటికి పంపేశారు, చైనా జంట ఒకటి, కొరియావి రెండు, ఇండోనేషియాది ఒకటి. ఆ గొడవ తర్వాత గ్రూపులో రెండో స్థానం వచ్చినవాళ్ళకి మళ్ళీ డ్రా తీసే పద్ధతి పెట్టారు.

నేను చెప్పేది ఏంటంటే, ఇప్పుడు పరిస్థితి మారింది, కానీ పూర్తిగా మారలేదు. డబుల్స్‌కి విడిగా కోచ్ ఉన్న అకాడమీ అయితేనే మార్చండి. లేకపోతే పిల్లాడు అక్కడ సింగిల్స్ వాళ్ళకి ప్రాక్టీసు బొమ్మ అవుతాడు. ఇది కోపంతో కాదు, అనుభవంతో చెప్తున్నా.

నెట్ దగ్గర నిలబడ్డవాడు:

పాత స్కోర్‌బోర్డు అన్న చెప్పింది నూటికి నూరు నిజం. సాత్విక్ జంటకి కూడా కోచ్‌లు నిలకడగా దొరకలేదు. టాన్ కిమ్ హర్ 2019లో వెళ్ళిపోయాడు, తర్వాత ఇండోనేషియా నుంచి ఫ్లాండీ లింపెలె, ఆ తర్వాత డెన్మార్క్ మాజీ ప్లేయర్ మథియాస్ బో. బో కూడా పారిస్ అయ్యాక ఆపేశాడు. 2025లో మళ్ళీ టానే వచ్చాడు, తిరిగి తిరిగి మొదలెట్టిన చోటికే.

గ్యాలరీలో అమ్మ:

అందరికీ థ్యాంక్సండీ, ఇంత రాస్తారనుకోలేదు. ఈకలు ఊడిన షటిళ్ళ ముక్క వాళ్ళ నాన్నకి చదివి వినిపించాను, కాసేపు ఏమీ అనలేదు. మా అకాడమీలో డబుల్స్‌కి విడిగా కోచ్ ఉన్నారు, వారానికి నాలుగు రోజులు వస్తారు. కానీ పార్ట్‌నర్ మాటే నన్ను తినేస్తోంది. కోచ్ గారు చెప్పిన అబ్బాయి మావాడి కంటే ఏడాది పెద్ద, వాళ్ళ నాన్నకి బదిలీల ఉద్యోగం. ఏడాదిన్నర కష్టపడి జంట కుదిరాక వాళ్ళు ఊరు మారితే? ఇంకొకటి, వీళ్ళిద్దరికీ ఎప్పుడూ గెలవలేని జంట ఒకటి ఎదురైతే, ఎవరి తప్పని కొట్టుకోరా?

డ్రైవ్ కొట్టు:

అక్కా, రెండో ప్రశ్న ముందు చెప్తా, ఎందుకంటే దానికి నా దగ్గర ఫేవరెట్ కథ ఉంది. మలేషియా జంట ఆరన్ చియా, సోహ్ వూయ్ యిక్. వీళ్ళు మనవాళ్ళకి కొరకరాని కొయ్య. ఎనిమిదిసార్లు ఆడితే ఎనిమిదిసార్లూ మనవాళ్ళే ఓడారు. అందులో ఒకటి 2022 ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీస్, మనవాళ్ళకి కాంస్యం దగ్గర ఆగిపోయింది, వాళ్ళు టైటిల్ కొట్టారు. వేరే ఎవరైనా అయితే నువ్వు ముందు ఆడు, నేను వెనక ఆడతా, కాదు నీ సర్వీసే బాలేదు అని విడిపోయేవాళ్ళే. వీళ్ళు విడిపోలేదు. తొమ్మిదోసారి 2023 జకార్తాలో, ఇండోనేషియా ఓపెన్ ఫైనల్లో ఎదురయ్యారు, 21-17, 21-18, రెండే గేములు. నేను ఆ ఆదివారం ఇంట్లో అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు.

కథ అక్కడ అయిపోతే బాగుండేది. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మళ్ళీ వాళ్ళే. మొదటి గేమ్ 21-13 మనది, తర్వాత 14-21, 16-21. పతకం వస్తుందని దేశమంతా రాసేసుకున్న జంట క్వార్టర్స్‌లో ఆగింది. మళ్ళీ 2025లో, అదే పారిస్‌లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో వాళ్ళనే ఓడించి ఇంకో కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకానికి అది సమానం కాదు, నేనేం ఓదార్చుకోను. కానీ అంతసేపు ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు, నాకు అది పతకాల కంటే కష్టమనిపిస్తుంది. 2022 థామస్ కప్ (పురుషుల జట్ల ప్రపంచ పోటీ) ఫైనల్ దొరికితే మీవాడికి చూపించండి. ఇండోనేషియా జంట అహ్సాన్, సుకముల్జో మీద ఓడిపోయే మ్యాచ్ పాయింట్ల దాకా పోయి, 18-21, 23-21, 21-19తో బయటపడ్డారు. స్కోరు వెనకబడినప్పుడు ఇద్దరి మధ్య మాటలెలా నడుస్తున్నాయో దాన్ని చూడమనండి, స్మాష్‌ని కాదు.

ఇక పార్ట్‌నర్ మారడం. మారతారక్కా, పైస్థాయిలో అది మామూలే. ఇండోనేషియా హెంద్రా సెతియావాన్ 2007లో మార్కిస్ కిడోతో ప్రపంచ ఛాంపియన్, 2008లో అతనితోనే ఒలింపిక్ బంగారం. తర్వాత మహ్మద్ అహ్సాన్‌తో 2013, 2015, 2019ల్లో మళ్ళీ ప్రపంచ ఛాంపియన్. నలభై ఏళ్ళ వయసులో, 2025 జనవరిలో ఆట ఆపాడు. నలభై! సింగిల్స్‌లో ఆ వయసుకి పైస్థాయిలో ఎవరు మిగులుతారు చెప్పండి. స్మాష్ పోయినా నెట్ దగ్గర ఆ చెయ్యి పోలేదు, పక్కన పరిగెత్తేవాడు ఉంటే చాలు. కొరియా సియో సియుంగ్ జే అయితే 2023లో ఒకే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇద్దరు పార్ట్‌నర్లతో రెండు బంగారాలు కొట్టాడు, పురుషుల డబుల్స్ ఒకటి, మిక్స్‌డ్ ఒకటి. 2025లో ఇంకో పార్ట్‌నర్ కిమ్ వోన్ హోతో మళ్ళీ ప్రపంచ ఛాంపియన్. కాబట్టి పార్ట్‌నర్ పోతే ర్యాంకు పోతుంది, చేతిలో ఆట ఎక్కడికీ పోదు. ముందూ వెనకా రెండూ ఆడటం నేర్పించమనండి. ఒక్క పాత్రే వచ్చినవాడికే మారడం నరకం.

లెక్కలంటే ఇష్టం:

డ్రైవ్ కొట్టు బ్రో, మంచి ఉదాహరణలే, కానీ నువ్వు నెగ్గినవాళ్ళనే తెచ్చావు. గాయత్రి గోపీచంద్, ట్రీసా జాలీ జంటని చూడు. 2022, 2023 రెండేళ్ళూ పెద్ద టోర్నీ ఆల్ ఇంగ్లండ్‌లో సెమీస్ ఆడారు, గాయత్రి ముందు, ట్రీసా వెనక నుంచి బాదుడు, చూడ్డానికి ఎంత బాగుంటుందో. అయినా పారిస్‌కి మన దేశం నుంచి వెళ్ళింది అశ్విని, తనీషా క్రాస్టోల జంట. నేను పైన చెప్పిన ఆ ఇరుకు గేటే. బాగా ఆడినా ఆగిపోవచ్చు, అది కూడా ఆ అక్కకి తెలియాలి.

డ్రైవ్ కొట్టు:

ఒప్పుకున్నా. అదే అశ్విని 2012, 2016 జ్వాలతో, 2024 తనీషాతో మూడు ఒలింపిక్స్ ఆడిందని కూడా రాయి మరి, పొడుగ్గా ఆడటం గురించే కదా నేనన్నది.

పాత స్కోర్‌బోర్డు:

బదిలీల ఉద్యోగం మాటకి నా సలహా. పద్నాలుగేళ్ళకి ఒక్కడితోనే ముడి వెయ్యకండి. అకాడమీలో ముగ్గురు నలుగురితో తిప్పి ఆడించమని కోచ్‌ని అడగండి. వారానికి రెండు రోజులు సింగిల్స్ కూడా ఉంచండి, కాళ్ళు కదలాలి. పదహారు, పదిహేడుకి జంట గట్టిగా కట్టొచ్చు, సాత్విక్‌ని కట్టింది కూడా ఆ వయసులోనే కదా. ఆ రెండో అబ్బాయి వాళ్ళ నాన్నతో కూడా ఒకసారి కూర్చుని మాట్లాడండి. డబుల్స్‌లో ఇద్దరు పిల్లలే కాదు, ఇద్దరి ఇళ్ళూ ఆడాలి. మా జంట చెడింది మా ఇద్దరి వల్ల కాదు, టోర్నీ ఖర్చుల దగ్గర మా పెద్దవాళ్ళకి మాటా మాటా వచ్చి.

గ్యాలరీలో అమ్మ:

అది నాకు తట్టనే లేదండీ, రేపే ఫోన్ చేస్తాను. సింగిల్స్ రెండు రోజులు ఉంచమని కూడా అడుగుతా. థామస్ కప్ మ్యాచ్ రాత్రి ముగ్గురం కూర్చుని చూశాం. వాళ్ళ నాన్న మూడో గేమ్‌లో సోఫా అంచుకి వచ్చేశారు, ఇప్పుడు "ఆ చిరాగ్ ఎవరి అబ్బాయి" అని అడుగుతున్నారు. మావాడు మాత్రం ఒకటే గొడవ, డబుల్స్‌కి వేరే రాకెట్ కొనాలంట. కొనాలా?

నెట్ దగ్గర నిలబడ్డవాడు:

ఇప్పుడే కొనకండి మేడమ్. రోజూ రెండొందల షార్ట్ సర్వీసులు వెయ్యమనండి, షటిల్ నెట్ అంచుని రాసుకుంటూ పోవాలి, కొట్టేచోటు నేల నుంచి 1.15 మీటర్లు దాటకూడదు. గోడ మీద ఆ ఎత్తున చాక్‌పీసుతో గీత గీయండి. మూడు నెలలయ్యాక రాకెట్ సంగతి అడగమనండి.